తొమ్మిది రెళ్లు పద్దెనిమిదేనా?

పొద్దున ఆరు కూడా కాలేదు. మా అన్న ఫోన్ చేసి ఒకే ఒక్క మాట అన్నాడు: “వైరు కోసకపోయినార్రా.”

అనంతపురం జిల్లా బెళుగుప్ప చుట్టుపక్కల పుట్టినవాళ్లకు ఆ మాట చాలు. స్టార్టర్ పెట్టె దగ్గర ఒక కోత, బోరు మూతి దగ్గర ఇంకో కోత, మధ్యలో కేబుల్ మాయం. శెనక్కాయ చెట్టు ఊడలు దిగే రోజులవి. వాన మీద ఆశ ఎటూ లేదు. దేశంలో జైసల్మేరు తర్వాత అంత తక్కువ వాన పడే జిల్లా మాదేనని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. ఉన్నదల్లా ఆ బోరు, కరెంటు ఇచ్చే ఆ కొన్ని గంటలు. ఆ గంటల్లో మోటారు తిరగలేదో, చేను కళ్లముందే వాడిపోతుంది. గుట్ట మీద గాలిమరల రెక్కలు మాత్రం తాపీగా తిరుగుతూనే ఉన్నాయి. కరెంటు మా ఊరి గాలిలోనే పుడుతోంది. మా మోటారుకు చేరడానికి ముప్పై గజాల రాగి లేదు, అంతే.

“దొరికితే పదేళ్లు లోపలెయ్యాల” అన్నాడు అన్న. నేనూ ఆ మాటే అన్నాను. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఇది రాయడం లేదు. పదేళ్లంటే ఎంతో, ఆ పదేళ్లను కోర్టులో ఎవరు ఎలా కూడతారో కొంత తెలిశాక రాస్తున్నాను.

కొన్ని నెలలకు పోలీసులు ఒక కుర్రాణ్ని పట్టుకున్నారు. ఎక్కి తిరుగుతున్న బండి కూడా దొంగ బండేనట, లైసెన్సు లేదట. ఆ తర్వాత చాన్నాళ్లకు అన్నకు సాక్షి సమన్లు వచ్చాయి. తోడుగా నేనూ పోయాను. కానిస్టేబుల్ సిమెంటు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టినదాన్ని చూసి మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పైతొడుగు కాల్చేయగా మిగిలిన రాగి, మసిబారి చుట్టలు చుట్టలుగా ఉంది. దానికి దారంతో ఒక అట్టముక్క కట్టారు. అట్టముక్క మీద కేసు నంబరు, పంచనామా సాక్షుల సంతకాలు.

ముద్దాయి లాయరు లేచి, “ఇది మీదేనని ఎట్లా చెప్తారు?” అన్నాడు.

అన్న దాన్ని అటూ ఇటూ చూసి, “రాగి రాగి మాదిరే ఉంటాది సార్. మాది పోయింది, ఇది దొరికింది” అన్నాడు.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వుకునే జవాబే గానీ, దొంగతనం కేసులో శిక్ష పడ్డాక అప్పీలు రాసే లాయరు మొదట పట్టుకునేది ఇలాంటి జవాబునే. ఈ కేసుల్లో కళ్లారా చూసిన సాక్షి సాధారణంగా ఉండడు. పోలీసుల ముందు ముద్దాయి చెప్పిన మాటలో, ఆ మాట వల్ల వస్తువు బయటపడినంత మేరకే సాక్ష్యంగా చెల్లుతుంది. దొంగసొత్తు పోయిన కొద్ది రోజుల్లోనే ఎవరి దగ్గరైనా దొరికి, అతను సరైన వివరం చెప్పలేకపోతే, అతనే దొంగ లేదా దొంగసొత్తని తెలిసి తీసుకున్నవాడు అని కోర్టు అనుకోవచ్చు. కానీ దొరికిన వస్తువు పోయిన వస్తువేనని ముందు రుజువు కావాలి. నగ అయితే పనితనం చూసి చెప్తారు, గొర్రె అయితే చెవి కోత చూసి చెప్తారు. కాల్చిన రాగికి ఏ గుర్తుంటుంది?

బోనులో కుర్రాడికి ఇరవై రెండో మూడో ఉంటాయి. మా వైపు కోపంగా కూడా చూడలేదు. వాడి చూపంతా పక్కనున్న కానిస్టేబుల్ చేతిలోని కాగితం మీదే. అది ఇంకో స్టేషన్ నుంచి వచ్చిన పీటీ వారెంటు. ఒక కేసులో జైల్లో ఉన్న మనిషిని వేరే కేసు కోసం అక్కడి నుంచే తెప్పించుకునే కాగితం. బెళుగుప్ప, కళ్యాణదుర్గం, ఉరవకొండ, కణేకల్లు, బ్రహ్మసముద్రం... చేను గట్టు దాటినంత తేలిగ్గా దొంగ ఈ స్టేషన్ల హద్దులు దాటుతాడు. వైరు పోయిన రైతులు ఎందరో ఫిర్యాదులు అన్ని, ఎఫ్‌ఐఆర్‌లు అన్ని. దొరికినప్పుడు మాత్రం మనిషి ఒక్కడే.

గొర్రు, నాగలి

శెనక్కాయ విత్తేటప్పుడు మావాళ్లు గొర్రు కడతారు. ఎద్దులు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఒక్కసారి నడిస్తే నాలుగైదు సాళ్లు పడతాయి. అదే మడక, అంటే నాగలి, కడితే ఒక్కో సాలుకు ఒక్కో నడక. సాళ్లు అవే, చేను అదే. ఎద్దులు నడిచే దూరంలోనే తేడా అంతా ఉంది.

చాలా కేసుల్లో శిక్షపడ్డ మనిషి సంగతీ ఇంతే. శిక్షలన్నీ ‘ఏకకాలంలో’ అమలు కావాలని జడ్జిగారు రాస్తే గొర్రు కట్టినట్టు. తొమ్మిది కేసుల్లో రెండేసి ఏళ్లు పడినా గడిపేది రెండేళ్లే. ఆ మాట రాయకపోతే ఒకటి ముగిశాక ఇంకోటి మొదలవుతుంది. తొమ్మిది రెళ్లు పద్దెనిమిది.

ఈ ఎక్కం నేను ఊహించింది కాదు. ఉత్తరప్రదేశ్‌లోని హాపూర్‌లో నిజంగానే జరిగింది. విద్యుత్ చట్టం 136వ సెక్షన్ కరెంటు తీగలు, సామగ్రి దొంగతనానికి సంబంధించినది. దాని కింద ఒక వ్యక్తి మీద తొమ్మిది కేసులు పెట్టారు. ఒక్కోదాంట్లో రెండేళ్ల శిక్ష పడింది. ఏకకాలం అన్న మాట తీర్పుల్లో లేదు. జైలు వాళ్లు వరసగా కూడారు. పద్దెనిమిదేళ్లు. అలహాబాద్ హైకోర్టుకు వెళ్తే పని జరగలేదు. అప్పటికే మూడేళ్లు లోపల గడిపిన మనిషి సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. 2022 డిసెంబరు 16న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, జస్టిస్ పి.ఎస్. నరసింహల ధర్మాసనం ఆ తొమ్మిదింటినీ ఏకకాలంలో అమలు చేయమంది. ఆ రెండో న్యాయమూర్తి మన పమిడిఘంటం శ్రీనరసింహగారే. ఆ సమయానికి కోర్టులో ఉన్న సీనియర్ న్యాయవాది, మద్రాసు హైకోర్టు మాజీ న్యాయమూర్తి ఎస్. నాగముత్తు సాయం కూడా తీసుకున్నారు. అంత పెద్ద కోర్టు ఇంత చిన్న కేసులు చూడాలా అన్న చర్చ ఢిల్లీలో నడుస్తున్న రోజులవి. ఈ కోర్టుకు ఏ కేసూ చిన్నది కాదని ధర్మాసనం బదులు చెప్పింది.

ఈ తీర్పు చదివినప్పుడు నాకు మా సిమెంటు సంచే గుర్తొచ్చింది. అదీ తీగే, ఇదీ తీగే.

లెక్క అంత దూరం ఎలా పోయిందో చూడాలంటే చట్టంలో రెండు సెక్షన్లను పక్కపక్కన పెట్టి చదవాలి. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది. దాని 25వ సెక్షన్, పాత లెక్కలో 31, ఒకే విచారణలో చాలా నేరాలు రుజువైనప్పటి సంగతి. అక్కడొక కట్టడి ఉంది. కోర్టు ఒక్క నేరానికి ఎంత వేయగలదో, వరసగా కూడినా అంతకు రెండింతలు మించకూడదు. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఒక నేరానికి మూడేళ్ల దాకా వేయగలరు. అంటే ఆ కోర్టులో ఒక విచారణకు ఆరేళ్లే ఆఖరు.

కానీ వేర్వేరు విచారణలు జరిగితే ఈ కట్టడి లేదు. అప్పుడు వర్తించేది 467, పాత 427. ఒక శిక్ష అనుభవిస్తున్నవాడికి ఇంకో కేసులో శిక్ష పడితే, కోర్టు ప్రత్యేకంగా చెబితే తప్ప, రెండోది మొదటిది ముగిశాకే మొదలవుతుంది. మౌనంగా ఉంటే చట్టం మడకే కడుతుంది. గొర్రు కావాలంటే ఎవరో ఒకరు అడగాలి.

ఒకే రకం నేరాలు ఏడాదిలోపు జరిగితే కలిపి విచారించే వీలు ఉంది. పాత చట్టంలో మూడు దాకా, కొత్త చట్టం 242వ సెక్షన్‌లో అయిదు దాకా. మంచి మార్పే. కానీ వేర్వేరు ఛార్జిషీట్లు వేర్వేరు తేదీల్లో వేర్వేరు కోర్టులకు చేరాక వాటిని ఒక చోటికి చేర్చమని అడిగే తీరిక ఎవరికుంది? రోజుకు అన్నేసి వాయిదాలు చూసే లాయరుకా, లాయరు పేరు కూడా సరిగా తెలియని ముద్దాయికా? ఒకే రాత్రి ఒకే మండలంలో మూడు చేలల్లో వైరు కోసినవాడు, మూడు మండలాల్లో ఒక్కో చేను చొప్పున కోసినవాడు చేసింది ఒకటే పని. లోపల ఉండే ఏళ్లు మాత్రం మండలాల సరిహద్దు రాళ్లను బట్టి మారిపోవచ్చు.

ఇదంతా అన్నకు చెబితే ఒప్పుకోలేదు. “నా చేను ఎండింది నాకు, పక్కోని చేను ఎండింది వానికి. రెండూ కలిపి ఒకటే అంటే ఎట్లరా?” అన్నాడు.

అది తోసేసే మాట కాదు. సుప్రీంకోర్టు కూడా ఇంచుమించు అదే చెప్పింది. మాదకద్రవ్యాల కేసొకదాంట్లో 2021లో ఇచ్చిన తీర్పులో, వేర్వేరు సంఘటనలకు పడిన శిక్షలు వరసగా నడవడమే మామూలు పద్ధతి అంది. ఏకకాలంగా మార్చడం కోర్టు విచక్షణ, దాన్ని నేరం తీరు చూసి ఆచితూచి వాడాలి. అటు 2016లో కేరళకు చెందిన ఒక ఇళ్ల దొంగతనాల ముద్దాయి విషయంలో అదే సుప్రీంకోర్టు శిక్షలను ఏకకాలం చేసింది. జుల్మానా కట్టకపోతే పడే అదనపు జైలును మాత్రం ఆ లెక్కలో కలపరు. అది విడిగా గడపాల్సిందే. ఇంట్లో నెల తిండికి లేనివాడికి తొమ్మిది కేసుల్లో తొమ్మిది జుల్మానాలంటే, అవీ నెలలే.

ఒకటే నేరం, ఒకటే మనిషి అని నేను వాదించబోవడం లేదు. నష్టాలు వేరువేరే. కానీ ఒక మనిషి జీవితంలో పద్దెనిమిదేళ్లు తీసేసే నిర్ణయాన్ని ఏ జడ్జీ తీసుకోలేదు. హాపూర్‌లో ఎవరూ ఈ మనిషికి పద్దెనిమిదేళ్లు వేయాలి అనుకుని రాయలేదు. తొమ్మిది తీర్పుల్లో ఒక్క మాట రాయలేదు, అంతే. అంత పెద్ద శిక్షను జైలు రిజిస్టరులోని కూడిక వేసింది. నాకు అభ్యంతరం అక్కడే.

ముప్పై రోజులు

మేజిస్ట్రేటు కోర్టు తీర్పు మీద అప్పీలు సెషన్స్ కోర్టుకు పోతుంది. మా వైపు వాళ్లకు అంటే అనంతపురం. గడువు ముప్పై రోజులు. తీర్పు నకలు తెచ్చుకోవడానికి పట్టిన రోజులు అందులోంచి తీసేస్తారు. ఇంకా ఆలస్యమైతే కారణం చెప్పి మన్నించమని అడగొచ్చు. కాగితం మీద ఇదంతా సులువే.

జామీను మీద బయట ఉన్నవాడికి నిజంగానే సులువు. మూడేళ్లకు మించని శిక్ష పడితే, అప్పీలు వేసుకుంటానని చెబితే, శిక్ష వేసిన కోర్టే ఆ గడువు వరకు జామీను ఇచ్చి పంపే ఏర్పాటు ఉంది. సాయంత్రం బస్సుకు ఇంటికి రావొచ్చు. తర్వాత సెషన్స్ కోర్టులో అప్పీలుతో పాటు శిక్ష నిలుపుదల పిటిషన్ వేస్తారు. కేసు తేలేదాకా బయటే.

నాలుగు కేసుల్లో లోపల ఉన్నవాడికి ఈ దారి లేదు. ఒక కేసులో జామీను వచ్చినా ఇంకో కేసు రిమాండు పట్టుకుని ఉంటుంది. కొత్త చట్టం 479వ సెక్షన్ అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాణ్ని, గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపేస్తే బాండు మీద వదలాలంటుంది. చూడటానికి ఉదారంగా ఉంది. దాని కిందనే రెండో ఉపవిభాగం ఉంది. ఒకటికి మించిన నేరాలు గానీ కేసులు గానీ పెండింగులో ఉంటే ఈ సెక్షన్ కింద వదలకూడదు. ఒక్క కేసువాడికి తెరుచుకునే తలుపులన్నీ ఎక్కువ కేసులవాడికి ఇట్లా ఓరగా మూసే ఉంటాయి. విచారణలో గడిపిన రోజుల్ని శిక్షలోంచి కొట్టేసే లెక్కలోనూ చాలాకాలం ఇదే తగాదా. ఒకే సమయంలో రెండు కేసుల్లో రిమాండులో ఉంటే ఆ రోజులు రెండింటిలోనూ లెక్కకొస్తాయని 2001లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ కిటుకు ఒకటుంది. రెండో కేసులో పీటీ వారెంటు మీద రిమాండు పడిన తేదీ నుంచే ఆ కేసు లెక్క మొదలవుతుంది. బోనులో కుర్రాడు ఆ కాగితం వైపు అలా ఎందుకు చూశాడో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

జైల్లోంచి కూడా అప్పీలు పంపొచ్చు. నకలుతో పాటు అర్జీ జైలు అధికారి చేతికిస్తే ఆయన సంబంధిత కోర్టుకు పంపాలి. శిక్ష పడినవాడికి తీర్పు నకలు ఉచితం. కస్టడీలో ఉన్నవాడికి, ఆదాయంతో పని లేకుండా, ప్రభుత్వ ఖర్చుతో లాయరు. 1987 నాటి న్యాయసేవాధికార చట్టం అలా చెప్పింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక అర్జీ, కుదరకపోతే 15100కు ఒక ఫోను చాలు.

ఈ నకలు సంగతి వెనుక ఒక కథ ఉంది. మహారాష్ట్రలో దొంగ డిగ్రీ పట్టాల కేసులో ఒకాయనకు సెషన్స్ కోర్టు నామమాత్రపు శిక్ష వేసింది. హైకోర్టు దాన్ని మూడేళ్లు చేసింది. ఆయన సుప్రీంకోర్టుకు వచ్చేసరికి నాలుగేళ్లకు పైగా ఆలస్యం, శిక్ష కూడా గడిపేశాడు. ఎందుకింత ఆలస్యమంటే హైకోర్టు తీర్పు నకలు తన చేతికి రాలేదన్నాడు. జైలుకు పంపామని వాళ్లు, ఇచ్చిన సంతకం లేదని ఇతను. 1978లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆయన కేసు కొట్టేశారు, కానీ ఆ తీర్పులోనే నకలు సకాలంలో, ఉచితంగా ఇవ్వాలి, ఇచ్చినట్టు రసీదు ఉండాలి, అప్పీలుకు లాయరును పెట్టుకోలేనివాడికి రాజ్యం పెట్టాలి అని శాసించారు. 2024 అక్టోబరులో కూడా, శిక్ష తీర్పు నకలుతో పాటు ‘నీకు ఉచిత న్యాయసాయం హక్కు ఉంది’ అని చెప్పే కాగితం జతచేసేలా హైకోర్టులు చూడాలని సుప్రీంకోర్టు అనాల్సి వచ్చింది. నలభై ఆరేళ్ల తర్వాత కూడా అదే మాట.

ఊళ్లో వినబడే భయం ఇంకొకటి. “అప్పీలుకు పోతే ఉన్నది పెరుగుతాదేమో.” ముద్దాయి వేసుకున్న అప్పీలులో శిక్ష పెంచడానికి లేదు. తగ్గించొచ్చు, నేరం పేరు మార్చొచ్చు, కొట్టేయొచ్చు. పెంచాలంటే ప్రభుత్వం వేరుగా అప్పీలు వేసుకోవాలి, లేదా హైకోర్టు నోటీసు ఇచ్చి ముద్దాయి మాట విని పెంచాలి.

నిజంగా జాగ్రత్త పడాల్సిన చోటు వేరే. నేరం ఒప్పుకున్నవాడు శిక్ష ఎంతన్నదాని మీదా, అది చట్టప్రకారం ఉందా లేదా అన్నదాని మీదా మాత్రమే అప్పీలు చేయగలడు. నేను చేయలేదని ఇక అనలేడు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే అప్పీలే లేదు. “ఒప్పేసుకో, తొందరగా బయటపడతావు” అని వరండాలో చెవిలో చెప్పే సలహాకు ఈ ధర ఉందని చెప్పేవాళ్లను నేను చూడలేదు. ఆ సలహా ఒక కేసువాడికి మంచిదే కావచ్చు. తొమ్మిది కేసుల్లో తొమ్మిదిసార్లు ఒప్పుకున్నవాడు ఆ తొమ్మిదింటినీ ఏకకాలం చేయించుకోకుండా బయటికొస్తే?

బండి దగ్గర లెక్క మారుతుంది

దొంగతనానికీ బండి నేరాలకూ చట్టం చూపు ఒకటి కాదు. లైసెన్సు లేకుండా నడిపితే మూడు నెలల జైలు లేదా 5,000 జుల్మానా, లేదా రెండూ. తాగి నడిపితే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు లేదా 10,000, రెండోసారికి రెండేళ్లు లేదా 15,000. 2019 సవరణ తర్వాతి రేట్లివి. మైనరు చేతికి తాళమిస్తే జైలు ఇచ్చినవాడికి, మూడేళ్ల దాకా. జనం ఈ కేసుల్లో అప్పీలు మాటే ఎత్తరు, డబ్బు కట్టి వస్తారు. కానీ లైసెన్సు మీద వేటు పడితే ట్రాక్టరు డ్రైవరుకో, ఆటో నడిపి ఇల్లు గడిపేవాడికో అది జైలు కంటే బరువు. అప్పీలు కోర్టుకు ఆ వేటును ఎత్తేసే, తగ్గించే అధికారం ఉందన్న సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

మనిషి చనిపోతే లెక్క పూర్తిగా వేరు. అజాగ్రత్తతో ప్రాణం తీస్తే పాత ఐపీసీ 304ఎ కింద రెండేళ్లు గరిష్ఠం. కొత్త న్యాయ సంహిత 106వ సెక్షన్ అయిదేళ్లు చేసింది. గుద్ది పారిపోతే పదేళ్లన్న రెండో ఉపవిభాగాన్ని 2024 జనవరిలో లారీ డ్రైవర్ల సమ్మె తర్వాత కేంద్రం అమలులోకి తేకుండా పక్కన పెట్టింది.

ఇక్కడ రోడ్డు చావులు ఎవరికీ దూరపు వార్త కాదు. 2022 ఫిబ్రవరి 6న బళ్లారిలో పెళ్లి చూసుకుని వస్తున్న కారును ఉరవకొండ దగ్గర బూదగవి వద్ద లారీ ఢీకొని తొమ్మిది మంది పోయారు. కూలీలతో కిక్కిరిసిన ఆటోలు ఎదురైతే మా అమ్మ ఇప్పటికీ కళ్లు మూసుకుంటుంది.

శిక్ష తగ్గించమని వచ్చిన రెండు అప్పీళ్లను, ఒకే న్యాయమూర్తి చూసినవాటిని, పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. 1977లో ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఉద్యోగాలిప్పిస్తామని నిరుద్యోగుల దగ్గర తలా 1,200 రూపాయలు గుంజిన వ్యవహారం. మూడేళ్ల శిక్ష. కృష్ణయ్యర్ నేరం రుజువు జోలికి పోలేదు. శిక్ష దగ్గరే ఆగారు. దాన్ని ఏడాదిన్నర చేసి, జైల్లో అతనికి ఎలాంటి పని ఇవ్వాలో, కూలి ఎలా ఇవ్వాలో, పెరోలు సంగతేమిటో కూడా రాశారు. నేరస్థుణ్ని మనిషిగా తిరిగి నిలబెట్టడం శిక్షలో భాగమని మన కోర్టుల్లో ఎవరు వాదించినా ఈ తెలుగు కేసు పేరు వస్తుంది. రెండేళ్ల తర్వాత పంజాబ్ నుంచి ఒక లారీ డ్రైవరు అదే న్యాయమూర్తి ముందుకొచ్చాడు. స్కూటరు మీద పోతున్న మనిషిని లారీతో చంపాడు. రెండేళ్ల శిక్ష, ఇంట్లో నన్ను నమ్ముకున్నవాళ్లున్నారని మొర. కృష్ణయ్యర్ ఒక్క రోజు కూడా తగ్గించలేదు. అతనికి మంచి డ్రైవరుగా మారే శిక్షణ ఇవ్వాలన్నారు, చనిపోయినవాడి కుటుంబాన్ని మన చట్టం పట్టించుకోవడం లేదని బాధపడ్డారు. 2000లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ఇలాంటి కేసుల్లో మంచి ప్రవర్తన హామీ మీద వదిలేసే 1958 నాటి ప్రొబేషన్ చట్టాన్ని మామూలుగా వాడొద్దంది.

దొంగసొత్తు తిరిగిరావచ్చు, మనిషి రాడు. ఆ తేడాను కోర్టులు బాగానే పట్టుకున్నాయని నా అభిప్రాయం. ఇబ్బందల్లా ఒకే కుర్రాడు దొంగ బండి మీద పోతూ ఎవర్నో గుద్దినప్పుడు. ముద్దాయి పేరు ఒకటే అయినా బండి పోయిన ఊరి కేసు వేరు, గుద్దిన ఊరి కేసు వేరు, వైరు కేసులు వేరు. అప్పుడు అప్పీలు రాసే లాయరు అన్నీ కలిపి ఏకకాలం చేయమని అడిగితే పని కాదు. వైరు కేసులు ఒక మూట, ప్రమాదం ఒక మూట అని విడదీసి అడగడమే మేలు.

ఈ శిక్షల కూడిక ఎంత దూరం పోగలదో చూడాలంటే అమెరికా చూడాలి. కాలిఫోర్నియాలో 1994లో మూడో నేరానికి జీవితఖైదు దాకా పోయే చట్టం తెచ్చారు. పాత దొంగతనాల చరిత్ర ఉన్న ఒకాయన దాదాపు 1,200 డాలర్ల విలువైన మూడు గోల్ఫు కర్రలు ఎత్తుకుపోతే కనీసం పాతికేళ్లు పడ్డాయి. ఇంకొకాయన రెండుసార్లుగా 150 డాలర్ల వీడియో టేపులు తీస్తే రెండు పాతికేళ్లు, వరసగా, యాభై. 2003లో అక్కడి సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో రెండింటినీ సమర్థించింది. 2012లో ఓటర్లే ఆ చట్టాన్ని మెత్తబరిచారు. మన 1,200 రూపాయలకు కృష్ణయ్యర్ ఏడాదిన్నర అన్నారు. అంకె కాకతాళీయమే, అయినా చూడకుండా ఉండలేకపోయాను. ఇంగ్లండులోనైతే విడివిడి శిక్షలన్నీ రాశాక జడ్జి ఒక అడుగు వెనక్కి వేసి, మొత్తం కలిపితే చేసిన పనికి తగ్గట్టుందా అని చూసుకోవాలని రాతపూర్వక మార్గదర్శకమే ఉంది. మన దగ్గర ఆ వెనకడుగు అప్పీలు కోర్టులోనే, అదీ ఎవరైనా అడిగితేనే.

సెషన్స్ కోర్టులో కాకపోతే రివిజన్‌కు హైకోర్టు. అంటే అమరావతి. బెళుగుప్ప నుంచి పోవాలంటే ఒక రాత్రి, ఒక పగలు, లాయరు ఫీజు కాక చార్జీలే కూలివాడి వారం సంపాదన. రాయలసీమకు హైకోర్టు అన్న మాట 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటిది. కర్నూలులో బెంచి పెట్టాలని 2024 నవంబరులో శాసనసభ తీర్మానం చేసింది. సీమ హక్కుల గురించి మాట్లాడేటప్పుడు ఈ దొంగ కుర్రాళ్ల అమ్మలు ఎవరికీ గుర్తురారు. ఆ బస్సు ఎక్కేది మాత్రం వాళ్లే.

మా కేసులో తీర్పు వచ్చింది. శిక్ష పడింది. అన్న తరఫున నేనే నకలు చదివాను. నష్టపోయినవాడు కూడా కొన్ని విషయాల మీద అప్పీలు చేయొచ్చని, పరిహారం చాలకపోతే అడగొచ్చని, శిక్ష చాలలేదని మాత్రం తానుగా అప్పీలు వేయలేడని అప్పుడే తెలిసింది. పరిహారం మాటే మా తీర్పులో లేదు, మేమూ అడగలేదు. ఏకకాలం అన్న మాట కోసం చివరి పేజీ వెతికాను. ఆ కేసు వరకు ఒకే నేరం, ఆ మాటతో పని లేదు. మిగతా కేసుల్లో ఏమైందో నాకు తెలియదు, తెలుసుకోనూ లేదు.

ఆఖరి పేరాలో మా రాగి సంగతి ఉంది. ఒకటో నంబరు వస్తువు, కాలిన రాగి తీగ, అప్పీలు గడువు ముగిశాక, అప్పీలు లేకపోతే, ఫిర్యాదుదారుకు అప్పగించాలి. ఇట్లాంటి తీర్పులన్నిటిలోనూ మామూలుగా ఉండే వాక్యమేనట. అంటే ఆ కుర్రాడి ముప్పై రోజులు గడిస్తే గానీ మా సంచి మాకు రాదు. వాడు అప్పీలు వేస్తే అది తేలేదాకా రాదు.

అన్నకు చదివి వినిపించాను. “వాడు ఏస్తాడా అప్పీలు?” అన్నాడు.

“ఏస్తే మన రాగి ఆగిపోతాది.”

అన్న చేను వైపు చూశాడు. స్టార్టర్ పెట్టె నుంచి బోరు దాకా కొత్త కేబుల్ పరుచుకుని ఉంది. ఈసారి అల్యూమినియంది వేశాడు, దొంగలు ముట్టరని అంగడాయన చెప్పాడట.

“ఏసుకోనీలే. ఆ బూడిద ముద్ద నాకేం పనికొస్తాది” అని మోటారు వేయడానికి లేచాడు.